లైను స్పీడు, డిస్కు స్పీడు: రెండింటినీ ఒకే లెక్కలోకి తెచ్చేదెలా

100 ఎంబీపీఎస్ ఫైబర్ పెట్టించుకుని, డౌన్‌లోడ్ 11 దాటడం లేదని నెట్ వాళ్లకు ఫోన్ చేసేవాళ్లు విజయవాడలో ఇప్పటికీ ఉన్నారు. లైనులో లోపమేమీ ఉండదు. లైను అమ్మేవాళ్లు బిట్లలో చెబుతారు, డిస్కు అమ్మేవాళ్లు బైట్లలో చెబుతారు, మధ్యలో పోర్టులు, కేబుళ్లు అమ్మేవాళ్లు రెండింట్లో ఏది పెద్దగా కనిపిస్తే అది చెబుతారు. "ఎనిమిదితో భాగించు, అంతే" అని అందరూ చెప్పే చిట్కా సగమే నిజం. కొన్నిచోట్ల 8, కొన్నిచోట్ల 8.5, ఇంకొన్నిచోట్ల 10. ఏ అంకెను దేంతో భాగించాలో తెలిస్తే, పెళ్లి వీడియో గుంటూరు పంపడానికి ఎంతసేపు పడుతుందో, మిర్చి యార్డు కొట్లో సీసీ కెమెరాల రికార్డింగు ఎన్నాళ్లు నిలుస్తుందో కొనకముందే కాగితం మీద తేల్చుకోవచ్చు.

ఈ వ్యాసంలో ఎంబీపీఎస్, జీబీపీఎస్ అని ఉన్నచోట బిట్లు. కేబీ, ఎంబీ, జీబీ, టీబీ అని ఉన్నచోట బైట్లు. ఒక బైటు అంటే 8 బిట్లు. సెకనుకు అని వేరే చెప్పకపోయినా స్పీడు అన్నప్పుడు సెకనుకే.

1. ముందు అంకె ఏ కొలతలో ఉందో చూడండి

ఫోన్ లైన్లు, ఫైబర్, లీజు లైన్లు అన్నీ బిట్లలోనే. ఇక్కడ కిలో అంటే కచ్చితంగా 1,000, మెగా అంటే 10 లక్షలు. స్విచ్, రూటర్, వైఫై మీద రాసేవీ, స్పీడ్‌టెస్ట్ చూపించేవీ బిట్లే. సీసీ కెమెరా, వీడియో కెమెరా సెట్టింగుల్లో బిట్‌రేట్ అని ఉండేదీ అదే.

హార్డ్ డిస్కు, ఎస్‌ఎస్‌డీ, మెమరీ కార్డు డబ్బాల మీద ఉండేవి బైట్లు. కార్డు మీద వీ30 అని ఉంటే కనీసం 30 ఎంబీ చొప్పున ఆగకుండా రాయగలదని. విండోస్‌లో ఫైలు కాపీ అవుతున్నప్పుడు వచ్చే చిన్న కిటికీలో కనిపించేది కూడా బైట్లే.

తికమకంతా మూడో గుంపు దగ్గర: సాటా (మామూలు కంప్యూటర్ల డిస్కు పోర్టు), యూఎస్‌బీ, ఎస్‌ఏఎస్ (సర్వర్ల డిస్కు పోర్టు), పీసీఐ ఎక్స్‌ప్రెస్ (మదర్‌బోర్డు మీది స్లాట్లు). డిస్కు తగిలించే పోర్టులే అయినా వీటి పేర్లలోనో వివరాల్లోనో ఉండేది బిట్ల అంకె. సాటా 6 జీబీపీఎస్, యూఎస్‌బీ 5 జీబీపీఎస్ అలా వచ్చినవే. పాత ఐడీఈ, స్కజీ రోజుల్లో ఈ గోల లేదు. వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌లో బిట్లన్నీ పక్కపక్క తీగల మీద కలిసి నడిచేవి కాబట్టి అల్ట్రా 133 అంటే 133 ఎంబీ, అల్ట్రా 320 అంటే 320 ఎంబీ. సన్న కేబుళ్లు వచ్చాక బిట్లు ఒకదాని వెనక ఒకటి వరసలో నడవాల్సి వచ్చింది, పేర్లు కూడా బిట్లలోకి మారాయి.

2. దేంతో భాగించాలి

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ అంకె లోపలి సరుకుదా, లేక మిర్చి టిక్కీని గోనెతో సహా తూచినట్టు ప్యాకింగ్‌తో కలిపి చెప్పిందా అని అడగండి. జవాబును బట్టి భాగించే అంకె మారుతుంది.

సరుకు మాత్రమే అయితే 8. వీడియో కెమెరా బిట్‌రేట్ ఇలాంటిది. 100 ఎంబీపీఎస్ సెట్టింగులో 4కే తీస్తే 100 ÷ 8 = 12.5 ఎంబీ. గంటకు 45 జీబీ. 256 జీబీ కార్డు 5 గంటల 40 నిమిషాల దాకా వస్తుంది. రాయాల్సింది 12.5 ఎంబీయే కాబట్టి వీ30 కార్డుతో పని జరిగిపోతుంది, ఈ ఒక్క సెట్టింగు కోసం వీ60 కొనక్కర్లేదు.

నెట్ ద్వారానో, ఆఫీసు నెట్‌వర్క్ ద్వారానో ఫైలు వెళుతుంటే 8.5. ఈ అర ఎక్కడినుంచి వచ్చిందంటే, ఈథర్‌నెట్ తీగ మీద ఒక్కో పెద్ద ప్యాకెట్ 1,538 బైట్ల చోటు తీసుకుంటుంది. అందులో 8 బైట్లు ముందుగా కొట్టే సిగ్నల్, 14 చిరునామాలు, 20 ఐపీ, 20 టీసీపీ (ప్యాకెట్ దారి, వరస చెప్పే చీటీలు), 4 తప్పు పట్టే చెక్, 12 ప్యాకెట్ల మధ్య ఖాళీ. ఇవన్నీ 78. మీ ఫైలుకు మిగిలేది 1,460. టీసీపీ టైమ్‌స్టాంపులు వాడితే (లైనక్స్‌లో మామూలుగా వాడుతుంది) ఇంకో 12 పోయి 1,448. అంటే 94 శాతం. 8ని 0.94తో భాగిస్తే 8.5. కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే 11.76 ఎంబీ, గిగాబిట్ అంటే 117.6 ఎంబీ, 10 గిగాబిట్ అంటే 1,176 ఎంబీ. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ లాగిన్‌తో పనిచేసే కనెక్షన్ అయితే ప్రతి ప్యాకెట్‌లో ఇంకో 8 బైట్లు పోతాయి. అది అర శాతం, వదిలేయండి.

సాటా, ఎస్‌ఏఎస్ 12 జీబీపీఎస్ దాకా, యూఎస్‌బీ 5 జీబీపీఎస్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ మొదటి రెండు తరాలు: వీటికి 10. వీటిలో ప్రతి 8 బిట్లనూ 10 బిట్ల గుర్తుగా మార్చి తీగ మీదికి పంపుతారు. వరసగా సున్నాలే వస్తే అవతలి చిప్‌కు ఒక బిట్ ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. అందుకని సున్నాలూ ఒకట్లూ తరచూ మారుతూ ఉండే గుర్తులనే ఎంచి పెట్టారు. పేరులో చెప్పేది ఈ 10 బిట్ల లెక్కను. కాబట్టి సాటా 1.5, 3, 6 అంటే 150, 300, 600 ఎంబీ. యూఎస్‌బీ 5 అంటే 500. ఎస్‌ఏఎస్ 12 అంటే 1,200. పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండో తరంలో ఒక్కో లేనుకు (బిట్లు నడిచే ఒక దారికి) 500.

ఇందులో ఒక చమత్కారం ఉంది. ఫైబర్ మీద నడిచే గిగాబిట్ ఈథర్‌నెట్ కూడా ఇదే 8కి 10 పద్ధతి వాడుతుంది. తీగ మీద నిజంగా నడిచేది 1.25 గిగా. కానీ నెట్‌వర్క్ వాళ్లు ప్యాకింగ్ తీసేసి 1 గిగాబిట్ అని పేరు పెట్టారు, డిస్కు వాళ్లు ప్యాకింగ్ ఉంచేసి పేరు పెట్టారు. గిగాబిట్ ఈథర్‌నెట్‌నూ సాటానూ ఒకే అంకెతో భాగిస్తే లెక్క తప్పేది ఇందుకే.

కొత్త పోర్టుల్లో ప్యాకింగ్ తగ్గించారు. యూఎస్‌బీ 10 జీబీపీఎస్‌లో 128 బిట్లకు 132 పంపుతారు, 8.25తో భాగించండి: 1,212 ఎంబీ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరంలో 128కి 130. లేనుకు 8 గిగాను 8.125తో భాగిస్తే 985 ఎంబీ, నాలుగు లేన్లకు 3.94 జీబీ. నాలుగో తరం దీనికి సరిగ్గా రెట్టింపు.

ఇవన్నీ కాగితం మీది గరిష్ఠాలు. ఆదేశాలు, జవాబులు, ఖాళీలు పోగా చేతికి వచ్చేది ఇంకొంచెం తక్కువ. సాటా 6లో మంచి ఎస్‌ఎస్‌డీ 550 దగ్గర, యూఎస్‌బీ 5లో 400 నుంచి 450 దాకా, నాలుగు లేన్ల మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కు తగిలే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,500 దగ్గర ఆగుతాయి. యూఎస్‌బీ 2.0 అన్నిట్లోకీ అధ్వాన్నం. 480 ఎంబీపీఎస్‌ను 8తో భాగిస్తే 60 రావాలి, వచ్చేది 35 నుంచి 40. దీనికి 13తో భాగించడం అలవాటు చేసుకోండి.

వైఫైకి కచ్చితమైన లెక్క లేదు, కాకిలెక్కే గతి. లాప్‌టాప్ 866 ఎంబీపీఎస్ లింకు అని చూపిస్తే అందులో సగం నిజమనుకోండి. అంటే 16తో భాగించాలి, 54 ఎంబీ. పంపడమూ అందుకోవడమూ ఒకే గాలిలో వంతులవారీగా జరగాలి, మధ్యలో గోడ ఉంటే ఈ సగం కూడా రాదు.

పాత టెలికాం లైన్లు వాడే ఆఫీసుల కోసం

మన దేశంలో టెలికాం లైన్ల లెక్క 64 కేబీపీఎస్ నుంచి మొదలవుతుంది, ఒక ఫోన్ కాల్‌కు ఒక గది. ఇలాంటి 32 గదులు కలిస్తే ఈ1, అంటే 2.048 ఎంబీపీఎస్. మొదటి గది రెండు చివర్లూ తాళం తప్పకుండా కలిసి నడవడానికే పోతుంది. ఫోన్ కాల్స్‌కయితే సిగ్నలింగుకు ఇంకో గది పోయి 30 మిగులుతాయి. డేటాకు మిగిలిన 31 గదులూ వాడితే 1.984 ఎంబీపీఎస్, అంటే 248 కేబీ. ఒక జీబీ ఫైలుకు 67 నిమిషాలు. అమెరికా పుస్తకాల్లో కనిపించే టీ1 1.544 ఎంబీపీఎస్. అది మన లైను కాదు, ఆ అంకెతో లెక్క వేయొద్దు.

ఈ1లు 63 మోసే పెద్ద టెలికాం లైను ఎస్‌టీఎం-1, 155.52 ఎంబీపీఎస్. దాని ప్రతి ఫ్రేములో 270 నిలువు వరసలు ఉంటాయి. వాటిలో 10 లైను నిర్వహణకు పోతాయి, సరుకుకు మిగిలేది 260, అంటే 149.76 ఎంబీపీఎస్, 18.72 ఎంబీ. ఎస్‌టీఎం పేరు పెట్టుకున్న దేన్నయినా 8.31తో భాగిస్తే ఇదే నిష్పత్తి వస్తుంది. 1,890 ఫోన్ కాల్స్ ఒకేసారి మోయగల ఈ లైనుకు మన జేబులోని యూఎస్‌బీ 2.0 డిస్కు రెండింతలు సమాధానం చెబుతుంది.

పేరు గొప్ప ఊరు దిబ్బ అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ కావాలంటే ఎస్‌టీఎం-1కి 16 రెట్లుండే ఎస్‌టీఎం-16ను సాటా 3 జీబీపీఎస్ పక్కన పెట్టండి. ఒకటి 2.5 గిగా, ఇంకోటి 3 గిగా. పేర్లు చూస్తే రెండోదే 20 శాతం ఎక్కువ. ప్యాకింగ్ తీసేస్తే మొదటిది 299.5 ఎంబీ, రెండోది 300. ఎస్‌టీఎం-64, ఎస్‌ఏఎస్ 12 కూడా ఇంతే, 1,198కి 1,200.

3. 1,000 దగ్గరా 1,024 దగ్గరా పోయే తేడా

డిస్కు కంపెనీ టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1,024 చొప్పున లెక్కపెట్టి, పేరు అదే ఉంచుతుంది. అందుకే 1 టీబీ డిస్కు 931 జీబీగా, 4 టీబీ డిస్కు 3.63 టీబీగా కనిపిస్తుంది. షాపువాడు మోసం చేయలేదు. తేడా కిలో దగ్గర 2.4 శాతం, మెగా దగ్గర 4.9, గిగా దగ్గర 7.4, టెరా దగ్గర దాదాపు 10.

స్పీడు లెక్కలో దీన్ని ఒక్కచోట గుర్తుపెట్టుకుంటే చాలు. విండోస్ కాపీ కిటికీలో కనిపించాల్సిన అంకె కావాలంటే 8.5 బదులు 8.9తో భాగించండి. గిగాబిట్‌కు 112, 100 ఎంబీపీఎస్‌కు 11.2. టైమ్‌స్టాంపులు లేకపోతే 113 దాకా కనిపించవచ్చు. అదే కాపీని మాక్‌లో చూస్తే 117 అంటుంది, ఎందుకంటే అక్కడ 1,000 లెక్కే. డిస్కు స్పీడు కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ కూడా 1,000 లెక్కలోనే చూపిస్తుంది. రెండు యంత్రాల అంకెలు పోల్చేముందు ఇది సరిచూసుకోండి.

సమయం లెక్కకు కూడా ఇదే జాగ్రత్త. విండోస్‌లో 60 జీబీ అని కనిపించే ఫోల్డరు నిజానికి 64.4 జీబీ. 100 ఎంబీపీఎస్ మీద 60కి లెక్క వేస్తే 85 నిమిషాలు, అసలు పట్టేది 91.

4. గొలుసు మొత్తం రాసుకోండి

ఇప్పుడు అన్ని అంకెలూ ఎంబీలోకి వచ్చాయి. డేటా వెళ్లే దారిలో ఉన్న ప్రతి మెట్టునూ వరసగా రాయండి, దాని పక్కన దాని ఎంబీ రాయండి. గవర్నర్‌పేటలో ఒక స్టూడియో, గుంటూరు బ్రాడీపేటలో ఎడిటర్ అనుకుందాం. కార్డు చదివే స్పీడు 90, యూఎస్‌బీ 5 కార్డు రీడరు 400, హార్డ్ డిస్కు రాసే స్పీడు 150, ఆఫీసు గిగాబిట్ నెట్‌వర్క్ 117, అప్‌లోడ్ లైను 100 ఎంబీపీఎస్ అంటే 11.76.

ఇక్కడ చాలామంది అన్నిట్లోకీ చిన్న అంకె పట్టుకుని అదే స్పీడు అనేస్తారు. అన్ని మెట్లూ ఒకేసారి నడిచినప్పుడు మాత్రమే అది నిజం. కార్డు చదువుతూ, డిస్కులో రాయడం ఒకేసారి జరుగుతుంది కాబట్టి ఆ మెట్టుకు 90. కానీ కాపీ అంతా అయ్యాక అప్‌లోడ్ మొదలుపెడితే అది వేరే మెట్టు, రెండు సమయాలూ కలపాలి. 256 జీబీ కార్డు కాపీకి 47 నిమిషాలు, అప్‌లోడ్‌కు 6 గంటల 3 నిమిషాలు. మొత్తం 6 గంటల 50 నిమిషాలు. ఇదే కార్డును పాత యూఎస్‌బీ 2.0 రీడరులో పెడితే కాపీకే దాదాపు 2 గంటలు.

అవతల ఇంకో మెట్టు దాగి ఉంటుంది. క్లౌడ్ డ్రైవ్‌లో పెడితే ఎడిటర్ దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఒక్కటే పెద్ద ఫైలయితే అది పూర్తిగా ఎక్కాక గానీ దిగడం మొదలవ్వదు. 10 జీబీ ముక్కలుగా పంపితే మొదటి ముక్క ఎక్కగానే అవతల దించుకోవడం మొదలుపెట్టొచ్చు, సమయం చాలావరకు కలిసొస్తుంది.

అప్‌లోడ్ అంకె విడిగా అడిగి తెలుసుకోండి. ప్లాను పేరులో ఉండేది డౌన్‌లోడ్. ఇళ్లకు వచ్చే జీపాన్ రకం ఫైబర్‌లోనే కిందికి 2.488, పైకి 1.244 జీబీపీఎస్ ఉంటుంది, ఆ రెండూ ఫైబర్‌ను చీల్చే స్ప్లిటర్ మీదున్న ఇళ్లన్నీ పంచుకోవాలి. ఒక ఫైబర్‌ను 32 ఇళ్లకు చీలిస్తే, అందరూ ఒకేసారి లాగినప్పుడు ఇంటికి వచ్చేది 77 ఎంబీపీఎస్. ప్లానులో అప్‌లోడ్ 40 అని ఉంటే పై కార్డుకు 15 గంటలు.

బస్సు గెలిచే చోటు

విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి గుంటూరుకు డిస్కు తీసుకెళ్లడం కూడా ఒక లైనే, దానికీ స్పీడు కట్టొచ్చు. 2 టీబీ సరుకు ఉంది. డిస్కులోకి 150 ఎంబీ చొప్పున ఎక్కించడానికి 3 గంటల 42 నిమిషాలు. స్టూడియో నుంచి ఎడిటర్ బల్ల దాకా గంటంబావు అనుకుందాం. ఎడిటర్ నేరుగా ఆ డిస్కు మీదే పనిచేస్తే మొత్తం 4 గంటల 57 నిమిషాలు, అంటే 112 ఎంబీ, 8.5తో గుణిస్తే దాదాపు 950 ఎంబీపీఎస్ లైనుతో సమానం. తన కంప్యూటర్లోకి మళ్లీ కాపీ చేసుకుంటే 8 గంటల 39 నిమిషాలు, 545 ఎంబీపీఎస్. అదే సరుకు 100 ఎంబీపీఎస్ మీద 47 గంటలు పడుతుంది.

కానీ 20 జీబీ అయితే లైను మీద 28 నిమిషాల్లో అయిపోతుంది, ఆ సమయానికి బస్సు మంగళగిరి దాటి ఉండదు. సమతూకం ఎక్కడో కనుక్కోవాలంటే ఒక ఎంబీకి రెండు దారుల్లో పట్టే సమయం తీసుకోండి. లైను మీద 1 ÷ 11.76 = 0.085 సెకను, డిస్కులోకి 1 ÷ 150 = 0.0067. తేడా 0.0784. ప్రయాణం 4,500 సెకన్లను దీంతో భాగిస్తే 57,400 ఎంబీ. అంటే 57 జీబీ దాటితే బస్సు, లోపలైతే లైను. అవతల మళ్లీ కాపీ చేసుకునేట్టయితే ఈ గీత 63 జీబీకి జరుగుతుంది. మీ అప్‌లోడ్ 30 ఎంబీపీఎస్ అయితే 11.76 బదులు 3.53 వేసి మళ్లీ కట్టండి. గీత 16 జీబీకి దిగిపోతుంది. చెడిపోతే తిరిగి తీయలేని పెళ్లి ఫుటేజీ అయితే ఈ లెక్కతో సంబంధం లేకుండా ఒక కాపీ స్టూడియోలోనే ఉంచండి.

5. తిరుగు లెక్క: లైను నుంచి డిస్కు సైజుకు

సీసీ కెమెరాలు పెట్టేవాళ్లకు ఒక్క అంకె కంఠతా వస్తే చాలు: 1 ఎంబీపీఎస్ రోజంతా నడిస్తే 10.8 జీబీ. గంటకు 450 ఎంబీ.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు, 16 కెమెరాలు, ఒక్కోటి 4 ఎంబీపీఎస్. 16 × 4 = 64 ఎంబీపీఎస్. రోజుకు 64 × 10.8 = 691 జీబీ. 4 టీబీ డిస్కు ఆరు రోజులు కూడా నిలవదు. నెల రోజులు ఉండాలంటే 20.7 టీబీ కావాలి. వీడియోను ఇంకా కుదించే హెచ్.265కు మార్చి కెమెరాకు 2 ఎంబీపీఎస్ పెడితే 10.4 టీబీ, 12 టీబీ డిస్కు ఒకటి చాలు. బిట్‌రేట్ కాన్‌స్టంట్‌లో కాకుండా వేరియబుల్‌లో ఉంటే మీరు పెట్టింది గరిష్ఠం. రాత్రి కదలిక లేనప్పుడు తగ్గుతుంది, సీజన్లో హమాలీలూ టిక్కీలూ ఆగకుండా కదిలేటప్పుడు గరిష్ఠానికి వెళుతుంది. డిస్కు కొనేది సీజను లెక్కకే కొనండి.

డిస్కు స్పీడు గురించి ఇక్కడ బెంగ అక్కర్లేదు, 64 ఎంబీపీఎస్ అంటే 8 ఎంబీయే. చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డరు) వివరాల కాగితంలో ఇన్‌కమింగ్ బ్యాండ్‌విడ్త్ అని ఎంబీపీఎస్‌లో ఉంటుంది, కెమెరాలన్నిటి మొత్తం దానికి లోపల ఉండాలి. కెమెరాలకు కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్ నుంచి ఎన్‌వీఆర్‌కు వెళ్లే పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయితే 64 దూరుతుంది గానీ బిట్‌రేట్ 6కు పెంచారంటే 96 అయి ఇరుక్కుంటుంది, బొమ్మ ముక్కలవుతుంది. ఇంటినుంచి ఫోన్‌లో 16 కెమెరాలూ ఒకేసారి చూడాలంటే కొట్టు అప్‌లోడ్ 64 ఎంబీపీఎస్ కావాలి. సబ్‌స్ట్రీమ్ (ఫోన్‌కు పంపే చిన్న బొమ్మ) అర ఎంబీపీఎస్ చొప్పున పెట్టుకుంటే 8తో సరిపోతుంది.

అదే కొట్లో ఎలక్ట్రానిక్ కాటా నుంచి కంప్యూటర్‌కు సీరియల్ కేబుల్ ఉంటే, అక్కడా 10తోనే భాగించాలి. 9,600 స్పీడు, 8 బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అన్న సెట్టింగులో ప్రతి అక్షరానికీ ముందు ఒక బిట్, వెనక ఒక బిట్ కలుస్తాయి. సెకనుకు 960 అక్షరాలు. తూకానికి ఇది ఎక్కువే.

6. అంకె చూసి రోగం పట్టుకోవడం

లెక్క వేసి పెట్టుకున్నాక అసలు ఉపయోగం ఇది. కాపీ కిటికీలో అంకె ఎక్కడ ఇరుక్కుందో చూస్తే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

11 దగ్గర గీత గీసినట్టు ఆగితే, ప్లాను గిగాబిట్ అయినా ఎక్కడో ఒక లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోయింది. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్ తెరిచి స్పీడు 1.0 జీబీపీఎస్ ఉందా, 100 ఎంబీపీఎస్ ఉందా చూడండి. 100కు 1-2, 3-6 పిన్నుల మీది నాలుగు తీగలు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. 4-5 మీది నీలం జత, 7-8 మీది గోధుమ రంగు జతల్లో ఒక్క తీగ తెగినా లింకు నోరెత్తకుండా 100కు దిగిపోతుంది, నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది. ఒకే కేబుల్‌ను రెండు కనెక్షన్లకు చీల్చి నాలుగేసి తీగలు క్రింప్ చేసిన చోట్ల కూడా ఇంతే. కేబుల్ బాగుంటే ఫైబర్ పెట్టె వెనక చూడండి. చవక మోడళ్లలో ఒక పోర్టు గిగాబిట్, మిగతావి 100వి. మీ కేబుల్ తప్పు రంధ్రంలో ఉండొచ్చు.

35 నుంచి 40 మధ్య అయితే యూఎస్‌బీ 2.0. నీలం పోర్టులోనే పెట్టాం కదా అనొచ్చు. పిన్ను నెమ్మదిగా లోపలికి తోస్తే ముందువైపు నాలుగు పాత కాంటాక్టులు ముందు తగిలి 2.0గా పట్టుకుంటుంది, ఒకసారి తీసి గట్టిగా పెట్టండి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే టైప్-సి కేబుళ్లు చాలావరకు 2.0వే, చూడ్డానికి తేడా తెలియదు.

400తో మొదలై కొన్ని జీబీల తర్వాత 60కో 80కో జారితే, ఎస్‌ఎస్‌డీ ముందు పెట్టుకున్న వేగమైన భాగం నిండిపోయింది. డబ్బా మీది అంకె ఆ మొదటి భాగానిదే. హార్డ్ డిస్కులో నెమ్మదిగా, రోజుల తరబడి స్పీడు తగ్గుతూ వస్తే అది రోగం కాదు. నిండేకొద్దీ పళ్లెం లోపలి వరసలకు వెళుతుంది, అక్కడ బయటి వరసల్లో వచ్చే స్పీడుకు సగమే వస్తుంది.

దూరపు సర్వరుకు మాత్రమే స్లో అయి, స్పీడ్‌టెస్ట్ బాగా వస్తుంటే టీసీపీ విండో అనుమానించండి. పాత నాస్‌లు (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కు పెట్టెలు), ఫైళ్లు పంపే పాత ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్లు జవాబు రాకముందు 64 కేబీకి మించి పంపవు. రానుపోను 40 మిల్లీసెకన్ల దూరం ఉంటే 65,535 ÷ 0.04 = 1.64 ఎంబీ, 13 ఎంబీపీఎస్. లైను 100 అయినా 1,000 అయినా అదే. 100 ఎంబీపీఎస్‌ను నింపాలంటే జవాబు రాకముందే దారిలో 500 కేబీ ఉండాలి. మార్చడం వీలుకాకపోతే ఒకేసారి ఏడెనిమిది ఫైళ్లు పంపండి, ఒక్కో దానికి ఒక్కో విండో ఉంటుంది.

లైనుదో డిస్కుదో ఇంకా తేలకపోతే విడదీసి కొలవండి. రెండు కంప్యూటర్ల మధ్య ఐపెర్ఫ్3 నడిపితే డిస్కు ప్రమేయం లేకుండా నెట్‌వర్క్ ఒక్కటే తెలుస్తుంది, మంచి గిగాబిట్‌లో 940 ఎంబీపీఎస్ రావాలి. డిస్కును క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌తో విడిగా కొలవండి. రెండూ బాగుండి కాపీ మాత్రం ఒక ఎంబీ దగ్గర పాకుతుంటే, ఫోల్డరులో చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్నాయని అర్థం. హార్డ్ డిస్కు తల సెకనుకు సుమారు 100 చోట్లకే వెళ్లగలదు. ఒక్కో చిన్న ఫైలుకు పేరు, చోటు, సరుకు అని మూడు తిరుగుళ్లు వేసుకున్నా, 10 కేబీ ఫైళ్లు 60,000 ఉంటే అరగంట. మొత్తం సైజు చూస్తే 600 ఎంబీయే. ఒకే జిప్ ఫైలుగా చేసి పంపితే రాయడానికి 4 సెకన్లు. జిప్ చేసేది మాత్రం ఎస్‌ఎస్‌డీ మీద చేయండి. హార్డ్ డిస్కు మీదే చేస్తే ఆ తిరుగుళ్లన్నీ చదివేటప్పుడు తప్పవు.